బీపీ ఫైలు ఒకటి, గర్భం ఫైలు ఒకటి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో గర్భిణుల జాగ్రత్తల మీద రెండు పేజీలు వేశారు. చదివాను, బాగానే ఉంది, కానీ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "గర్భం అని తేలిన వెంటనే మందులకు వీలైనంత దూరంగా ఉండాలి" అని రాసి, తర్వాతి పేరాలోకి వెళ్లిపోయారు. ఆ వాక్యం నాకు కొత్త కాదు. ఏడేళ్ల కిందట ఇలాంటి మాటనే నమ్మి నేనొక పని చేశాను. దాని సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, ఎక్కడ కత్తిరించుకున్నా మీ ఇష్టం, మందుల పేర్లూ అంకెలూ మాత్రం మార్చకండి.

నాకు 26 ఏళ్లకే బీపీ ఉందని తేలింది. వేరే పని మీద పరీక్షలు చేయించుకుంటే బయటపడింది, ఒంట్లో ఏ బాధా లేదు. "ఈ వయసులో బీపీ ఏమిటమ్మా, టెన్షన్ తగ్గించుకో" అన్నవాళ్లే అందరూ. రోజూ పొద్దున ఒక టెల్మిసార్టాన్ మాత్ర, అలా మూడేళ్లు. ఆ మూడేళ్లలో బీపీ డాక్టరు గారు నా కొలెస్ట్రాల్ అడిగారు, నిద్ర అడిగారు, నడక అడిగారు. పెళ్లయిందని తెలుసు, వయసు తెలుసు, పిల్లల సంగతి మాత్రం ఒక్కసారీ అడగలేదు. నేనూ చెప్పలేదనుకోండి. బీపీ మాత్రకూ కడుపులో బిడ్డకూ లంకె ఉంటుందని తోస్తేనే కదా నోరు తెరిచేది.

నెల తప్పిందని ఇంట్లో చేసుకున్న పరీక్షలో తేలిన రోజు రాత్రి, మాత్రల డబ్బాలో మడతపెట్టి ఉంటుంది చూశారా, చీమ తలకాయంత అక్షరాల కాగితం, దాన్ని మొదటిసారి విప్పి చదివాను. గర్భిణులు వాడరాదు అని ఉంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అప్పటికి 7 వారాలు, అంటే ఇన్ని రోజులూ బిడ్డకు విషం పోశానా అని ఏడుపు. ఆ రాత్రి నుంచే మాత్ర మానేశాను. ఎవరికీ చెప్పలేదు, అమ్మకు కూడా.

మొదటి చెకప్‌కు వెళ్లేసరికి 11 వారాలు. నర్సు ఫారం నింపుతూ "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగింది. "లేదమ్మా" అన్నాను. అబద్ధం ఆడలేదు, మానేసి నాలుగు వారాలైంది కదా. "ఇదివరకు వాడేవారా?" అన్న గడి ఆ ఫారంలో లేదు. బీపీ చూస్తే 128/82. బాగుంది అని రాసుకున్నారు. నాకైతే అసలు బీపీ లేనేలేదేమో, ఇన్నాళ్లూ ఊరికే మింగానేమో అనిపించి, హాయిగా ఇంటికొచ్చేశాను.

తర్వాత తెలిసింది, గర్భం తొలి నెలల్లో రక్తనాళాలు వదులై బీపీ దానంతట అదే కాస్త దిగుతుందట, అయిదో నెల దాకా అలాగే ఉండి ఆ తర్వాత మెల్లగా పైకి పాకుతుందట. చాలామందికి అంతే. కాబట్టి పాత బీపీ ఉన్న మనిషిని సరిగ్గా 3, 4 నెలల్లో చూస్తే ఏమీ లేనట్టే కనిపించవచ్చు. డాక్టర్ల లెక్క ఏమిటంటే 20 వారాలలోపే ఎక్కువగా ఉంటే అది పాత బీపీ, 20 దాటాక మొదలైతే గర్భంతో వచ్చింది. నా కాగితాల్లో అది గర్భంతో వచ్చిన బీపీ అయిపోయింది. మూడేళ్ల నా చరిత్ర ఇంకో ఆస్పత్రిలో, ఇంకో బీరువాలో పడుకుని ఉంది.

మళ్లీ ఆ కాగితాన్ని తిట్టడానికి లేదు, అది చెప్పింది నిజమే. టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటివీ, ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివీ గర్భంలో వాడకూడదు, ముఖ్యంగా నాలుగో నెల నుంచి అవి బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి, ఆ నెలల్లో ఉమ్మనీరు చాలావరకు బిడ్డ మూత్రమే కాబట్టి అదీ తగ్గిపోతుంది. నేను ఆ మాత్ర మానడం వరకు సరే. దాని బదులు ఇంకేదీ వేసుకోకుండా ఉండిపోవడమే కొంప ముంచింది. లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా, ఈ మూడూ గర్భిణులకు ఏళ్ల తరబడి ఇస్తున్నవే, ఒక ఫోన్ చేసి అడిగి మార్పించుకుంటే సరిపోయేది. వాడరాదు అన్న ముక్క కాగితంలో ఉంది, డాక్టర్ని అడిగి వేరేది రాయించుకో అన్న ముక్క నా కంట పడలేదు. మీ వ్యాసంలోనూ లేదు.

అసలు కొంచెంగా ఉన్న బీపీకి గర్భంలో మందివ్వాలా వద్దా అని డాక్టర్లలోనే చాలాకాలం తర్జనభర్జన నడిచింది. బీపీ తగ్గిస్తే మాయకు రక్తం తగ్గి బిడ్డ ఎదగదేమోనని వాళ్ల భయం. అమెరికాలో పాత బీపీ ఉన్న 2,408 మంది గర్భిణులతో చేసిన చాప్ అనే పరిశోధన 2022లో వచ్చాక ఆ భయం చాలావరకు తీరింది. బీపీ 140/90 లోపు ఉండేలా మందులిచ్చిన వాళ్లలో, తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా (అంటే గర్భంలో బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోతూ, ఒంట్లో అవయవాలు దెబ్బతినే జబ్బు) గానీ, తప్పనిసరై 35 వారాలలోపే కాన్పు చేయడం గానీ, మాయ ముందే ఊడిపోవడం గానీ, బిడ్డ దక్కకపోవడం గానీ, వీటిలో ఏదో ఒకటి జరిగింది 30.2 శాతం మందికి. బీపీ బాగా పెరిగితే తప్ప మందివ్వకుండా చూసిన వాళ్లలో 37 శాతం మందికి. బిడ్డలు చిన్నగా పుట్టడం మాత్రం మందుల వల్ల పెరగలేదు. మందిచ్చినా 30 శాతం ఉందేమిటి అని మీకు అనిపించవచ్చు, నాకూ అనిపించింది, పాత బీపీతో గర్భం అంటే అంత కనిపెట్టుకుని ఉండాల్సిన వ్యవహారం అన్నమాట.

నా కథలోకి వస్తే, 27వ వారంలో 150/96. విశ్రాంతి తీసుకోమన్నారు. 30 దాటాక ఒక తెల్లవారుజామున తలపోటుతో లేచాను, కళ్ల ముందు వెండి చుక్కలు ఎగురుతున్నాయి, కుడివైపు పక్కటెముకల కింద ఎవరో పిడికిలి పెట్టి నొక్కుతున్నట్టుంది. గ్యాస్ అనుకుని మళ్లీ పడుకోబోతే మావారు వినలేదు. ఆస్పత్రిలో చూస్తే 172/114, మూత్రంలో ప్రొటీన్, అంటే ప్రీఎక్లాంప్సియా. ఇక అన్నీ పరుగులే. మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించారు, అది ఎక్కుతుంటే ఒళ్లంతా వేడినీళ్లు పారుతున్నట్టు, అరికాళ్ల దాకా మంట. ఫిట్స్ రాకుండా అన్నారు. 33 దేశాల్లో 10 వేల మందికి పైగా స్త్రీలతో చేసి 2002లో వేసిన మాగ్‌పై పరిశోధనలో, ఈ మందు ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని తేలిందట. ఆ సంగతి అప్పుడే తెలిసుంటే ఆ మంటను ఇంకొంచెం మర్యాదగా ఓర్చుకునేదాన్ని. బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు రెండు, 24 గంటల తేడాతో. ఆ మర్నాడు సిజేరియన్.

పాప పుట్టింది. 31 వారాలు, 1,180 గ్రాములు. 31 వారాలకు కూడా అది తక్కువ బరువే. అన్నిటికన్నా చిన్న సైజు డైపర్ కడితే దాని చంకల దాకా వచ్చింది. 41 రోజులు ఎన్‌ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో ఉంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు ఉన్నట్టుండి ఊపిరి తీసుకోవడం మరిచిపోతారు, ఆ సంగతి నాకు అక్కడే తెలిసింది. మానిటర్ కీ కీ మంటుంది, నర్సు పరుగున కాకుండా మామూలుగా నడిచి వచ్చి అరికాలి మీద వేలితో రెండుసార్లు తడుతుంది, బిడ్డ ఉలిక్కిపడి మళ్లీ ఊపిరి అందుకుంటుంది. మూడో వారంలో ఆ తట్టడం నాకూ నేర్పారు. మొదటిసారి నేనే తట్టి, నేనే ఆ మానిటర్ మోత ఆపినప్పుడు చేతులు ఎంత వణికాయో చెప్పలేను. ఇప్పుడు దానికి 6 ఏళ్లు, నోరు మూయదు.

ఆ 41 రోజుల్లో చూడ్డానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న, "అంత టెన్షన్ దేనికి పెట్టుకున్నావమ్మా?" అని. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఏం తప్పు చేశానా అని నేనూ ఏడో నెలంతా తవ్వుకున్నాను, మెట్లెక్కినందుకా, ఆఫీసులో లేటయినందుకా అని. అసలు కథ అక్కడ లేదు. గర్భసంచిలోని రక్తనాళాలు తొలి నెలల్లోనే వెడల్పై మాయకు దండిగా రక్తం అందించాలి. బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు, ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే లూపస్ లాంటివి ముందునుంచీ ఉన్నవాళ్లలో ఈ పని సరిగ్గా జరగకపోవడం ఎక్కువ. అక్కడ పడిన లోటు ఏడో నెలలో బయటపడుతుంది. బిడ్డ ఎదగకపోవడం, బీపీ ఒక్కసారిగా ఎగబాకడం, ముందే కాన్పు చేయాల్సి రావడం, కడుపులోనే బిడ్డ పోవడం, ఇన్ని రకాలుగా కనిపించేదాని వెనక చాలాసార్లు ఉండేది ఆ మాయే. అంటే మేం అందరం కంగారుపడుతున్న వేళకు అసలు జరగాల్సింది ఎప్పుడో జరిగిపోయింది.

షుగర్ సంగతి అంతకన్నా ముందుది. గర్భంతో వచ్చే షుగర్ గురించి మీరూ రాస్తారు, అందరూ రాస్తారు, పరీక్షా చేస్తారు. ముందే షుగర్ ఉండి గర్భం దాల్చేవాళ్ల గురించి రాసేది తక్కువ, నిజానికి ప్రమాదం వాళ్లకే ఎక్కువ. ఆఖరి నెలసరి నుంచి లెక్కేస్తే 10 వారాలు వచ్చేసరికి బిడ్డ గుండె, మెదడు, వెన్నెముక రూపు కట్టడం చాలావరకు అయిపోతుంది. నెల తప్పిందని అనుమానం వచ్చి, పరీక్ష చేసుకుని, ఇంట్లో చెప్పుకుని, అపాయింట్‌మెంట్ దొరికి డాక్టర్ని కలిసేసరికే సగం పైన గడిచిపోతుంది. ఆ రోజుల్లో తల్లి రక్తంలో చక్కెర ఎక్కువుంటే గుండెలో లోపాలు, వెన్నెముక లోపాలు వచ్చే అవకాశం పెరుగుతుంది. అందుకే షుగర్ ఉన్నవాళ్లు పిల్లల కోసం ప్రయత్నించకముందే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీని 6.5 శాతం లోపుకు, కుదరకపోతే దానికి వీలైనంత దగ్గరికి తెచ్చుకోమంటారు, 10 దాటి ఉంటే తగ్గేదాకా ఆగమని బ్రిటన్ మార్గదర్శకాలు గట్టిగానే చెబుతాయి. ఫోలిక్ యాసిడ్ కూడా మామూలు 400 మైక్రోగ్రాములు చాలదు, వాళ్లకు 5 మిల్లీగ్రాములు, అదీ గర్భానికి ముందు నుంచే. ఈ ఒక్క ముక్క మీ రెండు పేజీల్లో ఏ మూలన పడినా నేను ఈ ఉత్తరం ఇంత కోపంగా రాసేదాన్ని కాదు.

ఆఖరి నెలల్లో ఇంకో చిక్కుంది. తల్లి చక్కెర మాయ దాటి బిడ్డకు వెళ్తుంది, తల్లి ఇన్సులిన్ వెళ్లదు. వచ్చిన చక్కెరకు సరిపడా బిడ్డే తన ఇన్సులిన్ తయారుచేసుకుంటుంది, దాంతో ఒళ్లు చేస్తుంది, భుజాలు వెడల్పై కాన్పులో ఇరుక్కునే ప్రమాదం. బొడ్డుతాడు కోయగానే తల్లి నుంచి వచ్చే చక్కెర ఠక్కున ఆగుతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం అలాగే ఉంటుంది. చూడ్డానికి బొద్దుగా ఉన్న బిడ్డ మడమ మీద పదేపదే సూదితో పొడిచి షుగర్ చూసేది అందుకే. ఇంత బొద్దుగా ఉంటే ఇంకా ఏం పరీక్షలని దెబ్బలాడే బంధువులను నేనే చూశాను. 1989లో ఇటలీలోని సెయింట్ విన్సెంట్‌లో కూర్చుని, షుగర్ ఉన్న తల్లుల కాన్పులు షుగర్ లేనివాళ్ల కాన్పులంత క్షేమంగా జరిగేలా 5 ఏళ్లలో చేద్దామని యూరప్ దేశాలు ప్రకటన చేశాయి. ఆ తేడా ఈరోజుకీ పూర్తిగా పోలేదు.

థైరాయిడ్ గురించి నాకు చెప్పింది ఎన్‌ఐసీయూ బయట కుర్చీల్లో నా పక్కన కూర్చునే ఒకావిడ. ఆవిడ థైరాయిడ్‌కు వాడే థైరాక్సిన్ మాత్ర, ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర మూడూ అరచేతిలో పోసుకుని ఒక్క గుక్కలో మింగేదట, మర్చిపోకుండా ఉండటానికి. క్రమశిక్షణే మరి. ఐరన్, కాల్షియం రెండూ థైరాక్సిన్‌ను ఒంటికి పట్టనివ్వవు, కనీసం 4 గంటల ఎడం ఉండాలి. రోజూ వేసుకుంటున్నా, థైరాయిడ్ హార్మోన్ చాలనప్పుడు పెరిగే టీఎస్‌హెచ్ అంకె పెరుగుతూ పోతుంటే, మాత్రలు ఎగ్గొడుతున్నావా అని ఆవిడ మీదే విసుక్కున్నారు, ఎలా వేసుకుంటున్నావని అడిగినవాళ్లు లేరు. బిడ్డకు తన థైరాయిడ్ పనిచేయడం మొదలయ్యేదాకా, అంటే దాదాపు మొదటి మూడు నెలలు, తల్లి హార్మోనే దిక్కు, మెదడు ఎదగడానికి అది కావాలి. ముందే మాత్ర వాడుతున్నవాళ్లకు గర్భం రాగానే మోతాదు 25 నుంచి 30 శాతం దాకా పెంచాల్సి వస్తుంది, అదీ మొదటి స్కానింగ్ దాకా ఆగకుండా. అందుకని కొందరు డాక్టర్లు ముందుగానే చెప్పి పెడతారు, పరీక్ష పాజిటివ్ వచ్చిన రోజు నుంచే వారానికి రెండు మాత్రలు అదనంగా వేసుకుని తర్వాత నా దగ్గరికి రా అని. ఎంత తేలికైన మాటో చూడండి. ముందు చెప్పి ఉండాలి, అంతే.

మూర్ఛ మందుల దగ్గర నేను చేసిన పని చేస్తే ప్రాణాల మీదికే వస్తుంది. వాల్‌ప్రోయేట్ అనే మందు గర్భంలో నిజంగానే ప్రమాదం, దాన్ని వాడిన తల్లుల బిడ్డల్లో నూటికి 10 మందికి దాకా పుట్టుకతో లోపాలు, 30 నుంచి 40 మందికి ఎదుగుదలలో, నేర్చుకోవడంలో ఇబ్బందులు ఉంటాయని తేలింది. కానీ ఆ భయంతో ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ తిరగబెట్టి తల్లీ బిడ్డా ఇద్దరికీ ముప్పు. మార్చాల్సింది గర్భానికి ముందు, నెమ్మదిగా, డాక్టరు చేతుల మీదుగా. పైగా లామోట్రిజిన్ లాంటి కాస్త మేలైన మందు కూడా గర్భంలో రక్తంలో పలచబడిపోతుంది, మోతాదు పెంచాలి. ఆస్తమా వాళ్లు ఇన్‌హేలర్ పక్కన పెట్టేయడం మరీ అన్యాయం. పీల్చే స్టెరాయిడ్ వల్ల బిడ్డకు వచ్చే ముప్పు కంటే, తల్లికి ఊపిరాడకపోతే బిడ్డకు ఆక్సిజన్ అందకపోవడం వల్ల వచ్చే ముప్పు చాలా పెద్దది.

గుండె జబ్బుల గురించి ఎక్కువ రాయను, నాకు దగ్గరగా తెలిసింది తక్కువ. ఒకటి మాత్రం చెప్పాలి, గర్భంలో రక్తం 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది, గుండె అంత అదనపు బరువు లాగాలి. చిన్నప్పుడు కీళ్లవాత జ్వరం వచ్చి గుండె కవాటం ఇరుకైన అమ్మాయి అన్నాళ్లూ మామూలుగానే తిరుగుతూ, ఏడో నెలలో వెల్లకిలా పడుకుంటే ఆయాసపడటం మొదలుపెడుతుంది. గర్భం కదా ఆయాసం మామూలే అని అందరూ అంటారు. పడుకోగానే పెరిగే ఆయాసాన్ని మామూలే అని వదిలేయకూడదు. కొన్ని గుండె జబ్బుల్లో, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి బాగా పెరిగిన వాళ్లలో, గర్భం వద్దని డాక్టర్లు చెబితే అది నిజంగా ప్రాణం గురించి చెప్పే మాట, దాన్ని నేను కాదనను. నా గొడవల్లా, జబ్బు ఏదైనా సరే "నీకెందుకమ్మా పిల్లలు" అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లతో. లూపస్ కనీసం 6 నెలలు అణిగి ఉన్నాక గర్భం దాలిస్తే చాలామందికి కాన్పు బాగానే జరుగుతుంది, ఆ జబ్బుకు వాడే మందుల్లో హైడ్రాక్సీక్లోరోక్విన్ మానకూడదు, మైకోఫినోలేట్ ముందే ఆపి వేరేదానికి మారాలి. కిడ్నీ మార్పిడి జరిగిన స్త్రీ 1958లోనే బిడ్డను కన్నది. వద్దు అనే మాటకూ, ఇప్పుడే వద్దు ముందు ఇది సరిచేద్దాం అనే మాటకూ ఎంత దూరముందో వినేవాళ్లకే తెలుస్తుంది.

ఇదంతా ఎవరో కొద్దిమంది గొడవ అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో వేసిన లెక్కల్లో ప్రసూతి మరణాలకు మొదటి కారణం రక్తస్రావం, 27 శాతం. దాని తర్వాతిది, 23 శాతం, పరోక్ష కారణాలు, అంటే రక్తహీనత, గుండె జబ్బు, షుగర్, హెచ్‌ఐవీ లాంటి, కాన్పుకు సంబంధం లేదనిపించే జబ్బులు గర్భంతో ముదిరి ప్రాణం తీయడం. పరోక్షం అనే ఆ పేరు నాకు నచ్చదు. పేరు వల్లనే కాబోలు ఎవరి ఖాతాలోనూ పడదు, గుండె డాక్టరుది కాదు, కాన్పుల డాక్టరుది కాదు.

రెండో బిడ్డ కావాలనుకున్నప్పుడు ముందుగా నేనే వెళ్లి రెండు ఫైళ్లూ ఒకే టేబుల్ మీద పెట్టాను. కొత్త డాక్టరమ్మ టెల్మిసార్టాన్ తీసేసి లాబెటలాల్ రాసింది, రెండు నెలలు బీపీ కుదురుగా ఉందని చూశాకే ప్రయత్నించమంది. కిడ్నీ పరీక్షలు, మూత్రంలో ప్రొటీన్ ముందే చూసి రాసి పెట్టింది, తర్వాత పెరిగితే దేనితో పోల్చాలో తెలియాలి కదా అంది. 12వ వారం నుంచి రోజూ రాత్రి ఆస్ప్రిన్ 150 మిల్లీగ్రాములు. 2017లో వచ్చిన ఆస్ప్రే పరిశోధన ఆ మోతాదుతోనే చేసింది, ముప్పు ఎక్కువున్న స్త్రీలలో 37 వారాలలోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. ఇది చదివి ఎవరూ సొంతంగా మొదలుపెట్టొద్దు, మీ డాక్టర్ని అడగండి, అందులోనూ 16 వారాలు దాటకముందే అడగండి, ఆలస్యమైతే ఫలితం తగ్గుతుంది. ఇంట్లో బీపీ మిషన్, రోజుకు రెండుసార్లు, పుస్తకంలో రాయడం. బాబు 37 వారాలు నిండాక పుట్టాడు, 2.6 కిలోలు. జబ్బు అదే, ఒళ్లు అదే, మూడేళ్లు పెద్దదాన్ని కూడా.

కాన్పు అయిపోతే గండం గడిచినట్టే అని మీ వ్యాసం ఆఖర్లో ఉంది. బీపీ ఉన్నవాళ్లకు కాదండీ. కాన్పయ్యాక 3 నుంచి 6 రోజుల మధ్య బీపీ మళ్లీ బాగా పెరుగుతుంది, సరిగ్గా అప్పటికే ఇంటికి పంపించేసి ఉంటారు, ఇంటినిండా బిడ్డ ధ్యాసే, బాలింత తలనొప్పి నిద్రలేమి ఖాతాలో పడిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లకు మాయ బయటికి రాగానే ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా తగ్గుతుంది, పాత మోతాదే వేస్తే షుగర్ పడిపోతుంది. లూపస్ కాన్పు తర్వాత తిరగబెట్టవచ్చు. గర్భంలో వద్దన్న మందులు కొన్ని పాలిచ్చేటప్పుడు వాడొచ్చు, ఎనలాప్రిల్ అలాంటిదే, కానీ ఎవరూ చెప్పక తల్లులు పాలు మానడమో మందు మానడమో చేస్తున్నారు. ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లకు పెద్దయ్యాక గుండె జబ్బు వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు. నాకది చెప్పింది రెండో డాక్టరమ్మే, మొదటి కాన్పు డిశ్చార్జి కాగితంలో బిడ్డ టీకాల తేదీలన్నీ వరసగా ఉన్నాయి, నా బీపీ మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో లేదు.

ఇక మీతో పని. మళ్లీ గర్భిణుల పేజీ వేసినప్పుడు దాన్ని మూడో నెలతో మొదలుపెట్టకండి, పిల్లలు కావాలనుకునే రోజుతో మొదలుపెట్టండి. మందులకు దూరంగా ఉండాలి అని రాయాల్సి వస్తే ఆ పక్కనే, ముందు నుంచి వాడుతున్న మందు సొంతంగా మానకండి, ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి అని కూడా రాయండి, ఎంత లెక్కేసినా ఒకటిన్నర లైను. ఇంకోటి, మీ ఆరోగ్యం పేజీలో బీపీ, షుగర్, థైరాయిడ్ మీద వచ్చే వ్యాసాల్లో ఎప్పుడూ 50 ఏళ్లు దాటినవాళ్ల ఫొటోలే ఉంటాయి, ఒక్కసారైనా 26 ఏళ్ల పిల్ల ఫొటో వేయండి. డాక్టర్లెవరైనా ఇది చదువుతుంటే, పిల్లలు పుట్టే వయసున్న ఆడపిల్లకు మందు రాసేటప్పుడు "ఈ ఏడాది పిల్లలు కావాలనుకుంటున్నారా?" అని ఒక్కసారి అడగండి. అవునంటే మందు మార్చండి, కాదంటే ఆ జబ్బుకు సరిపోయే గర్భనిరోధకం ఏదో చెప్పండి, బీపీ ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్ కలిసిన మాత్రలు పడవన్న సంగతితో సహా.

ఉత్తరం వేసేటట్టయితే నా పేరు వేయొద్దు. ఏడేళ్ల కిందటి ఆ చీమ అక్షరాల కాగితం నా ఫైల్లోనే ఉంది, గర్భిణులు వాడరాదు అన్న చోట పెన్నుతో గీసిన గీత కూడా ఉంది. మొన్న ఫైలు తిరగేస్తుంటే పెద్దది వచ్చి ఈ గీత ఎందుకు గీశావమ్మా అని అడిగింది. నువ్వు కడుపులో ఉన్నప్పుడు అన్నాను. ఇంకా ఏదో అడగబోయింది, ఈలోపు వాడు లేచి ఏడవడంతో అటు పరుగెత్తింది.

మీ పాఠకురాలు